పల్లవిలో ఒక ఖాళీ

పెళ్లిపాట సరిగ్గా ‘ఎం.టెక్’ దగ్గర కూలిపోయింది.

తొమ్మిదేళ్ల కిందటి మాట. ప్రొద్దుటూరు, మే నెల ఎండ, గుడి నిండా జనం. ఆ రోజుల్లో అక్కడి క్రైస్తవుల పెళ్లిళ్లకు వధూవరుల పేర్లు కలిపి కొత్తగా ఒక పాట కట్టించేవాళ్లు. గులాబి రంగు కాగితం మీద అచ్చు వేయించి బల్ల బల్లకూ పంచేవాళ్లు. ఇప్పుడు ఫోన్లో ట్రాక్ పెట్టి కానిచ్చేస్తున్నారు. అప్పట్లో మాత్రం పాట కాగితం లేని పెళ్లిని విందులో పెరుగు మరిచిన పెళ్లిలాగా చెప్పుకునేవాళ్లు, ఏళ్ల తరబడి.

ఆ రోజు కాగితం అడుగున ‘రచన: నవీన్ కుమార్, చాపాడు’ అని ఉంది.

నవీన్ ప్రొద్దుటూరులో ఆరిఫ్ భాయ్ ఫ్లెక్సీ షాపులో డిజైనరు. పెళ్లికార్డులు, బ్యానర్లు చేస్తూ చేస్తూ వాటి మీద నాలుగు లైన్ల కవిత్వం రాయడం అలవాటు చేసుకున్నాడు. పెళ్లికొడుకు స్టీఫెన్ అతని స్నేహితుడే. పాట రాయమన్నది స్టీఫెన్ అయినా, షరతు పెట్టింది అతని తండ్రి. కార్డులో పేర్లు ఎట్లా ఉన్నాయో పాటలోనూ అట్లే ఉండాలి. కష్టపడి చదివించుకున్న డిగ్రీ పాటలోకి రాకపోతే ఎట్లా?

అందువల్ల మూడో లైను ఇట్లా వచ్చింది: “స్టీఫెన్ సుందరరాజు ఎం.టెక్ గారూ, ఎస్తర్ బియ్యెస్సీ నర్సింగ్ గారూ.”

పెళ్లికూతురిది జమ్మలమడుగు కాబట్టి పాడింది అక్కడి గుడి క్వాయర్ వాళ్లు. మొదటి రెండు లైన్లు చక్కగా నడిచాయి. మూడో లైనులో మగవాళ్లు ‘ఎం.టెక్’ దగ్గర ఇరుక్కుపోతే ఆడవాళ్లు ‘నర్సింగ్’ దాకా వెళ్లిపోయారు. కీబోర్డు ముందున్న అమ్మాయి ఒకసారి వీళ్ల వైపు, ఒకసారి వాళ్ల వైపు చూసి, మెల్లగా రెండు చేతులూ తీసి ఒళ్లో పెట్టుకుంది. వెనక బల్ల నుంచి ఎవరో ఒంటరిగా “గారూ” అని ముగించారు. పాస్టరుగారు సమయం చూసుకుని “ఆమెన్” అన్నారు.

విందు దగ్గర పళ్లెం పట్టుకుని వరుసలో ఉన్న ఆ అమ్మాయి పక్కకు వెళ్లి నిలబడ్డాడు నవీన్.

“మీరు వాయించేది ఆపేస్తిరి. పాట పోయింది.”

“పాట పోయినాక ఆపినా. రెండూ ఒకటి కాదు.”

“రెండు సెకన్లు ఓపిక పట్టింటే కలిసేవాళ్లు.”

“యాడ కలుస్తారప్పా? ఒకరు ముద్దనూరులో ఉంటే ఇంకొకరు ఎర్రగుంట్ల దాటినారు.”

ఆమె చేతిసంచిలోంచి గులాబి కాగితం తీసింది. మూడో లైను కింద పెన్సిలుతో సన్నని గీతలు, వరుసగా, ఎవరో పాలవాడి చిట్టా రాసినట్టు ఉన్నాయి.

“ఎనిమిదెనిమిది పదహారు మాత్రలు పట్టే చోటు ఇది. మీ స్టీఫెన్ సుందరరాజు ఎం.టెక్ గారికి పందొమ్మిది. పదహారు కుర్చీల్లో పందొమ్మిది మందిని కూర్చోబెడితే ముగ్గురు కింద పడతారు. పడినారు.”

“మాత్రలంటే?”

వెక్కిరించడానికి అడిగాడేమోనని ఆమె అతని ముఖంలోకి చూసింది. నిజంగానే అడిగాడు.

“పదో తరగతిలో గురువు, లఘువు చదవలేదా? పొట్టిగా పలికితే ఒకటి, సాగదీస్తే రెండు.”

“చదివినా. పరీక్ష రాసి మర్చిపోయినా.”

“పాటకూ అదే లెక్క.”

“నేర్పిస్తారా?”

ఆ మాట ఎట్లా వచ్చిందో నవీన్‌కు ఇప్పటికీ తెలియదు. వరుస ముందుకు కదిలింది. ఆమె పళ్లెంలోకి బిరియాని పడింది.

“మా తాత నేర్పిస్తాడు. ఆదివారం సాయంత్రం నాలుక్కు రా. నోటుబుక్కు తెచ్చుకో. పెన్ను వద్దు, పెన్సిల్ తీసుకో.”

“పెన్సిల్ ఎందుకు?”

“నీ లైన్లు చూసినాను కదా.”

“మీ పేరు చెప్పలేదు.”

“రజిని. మూడే మాత్రలు. ఎవరికీ ఇబ్బంది లేదు.”

జమ్మలమడుగులో పాత మిషన్ ఆసుపత్రి వీధిలో నల్లబండలు పరిచిన వసారా ఉన్న ఇల్లు వాళ్లది. తాత పేరు సాలోమోను. ఆసుపత్రిలో కాంపౌండరుగా పనిచేసి, నలభై ఏళ్లు గుడి క్వాయర్‌ను నడిపిన మనిషి. రజిని తల్లి రత్నమణి ఆయన కూతురు, ప్రభుత్వ బడిలో హెడ్‌మిస్ట్రెస్. రజిని చిన్నప్పుడే తండ్రి పోయాడు. రజిని డిగ్రీ అయ్యాక ఒక ప్రైవేటు స్కూల్లో చిన్నపిల్లలకు పాఠాలు చెబుతోంది.

మొదటి నెలంతా పాట లేదు. చప్పట్లే. తాత కర్రతో బండ మీద కొడతాడు, నవీన్ తొడ మీద కొట్టుకోవాలి. ఆరు మాత్రల నడక ఒకటి, ఎనిమిది మాత్రల నడక ఒకటి.

“ఆరు ఉయ్యాల, ఎనిమిది నడక,” అనేవాడు తాత. “ఉయ్యాల్లో కూర్చున్నోన్ని నడువు అంటే పడతాడు. తెలిసిందా అప్పయ్యా?”

తర్వాత స్వరాలు. తాత దగ్గర అట్ట ఊడిన నోటుబుక్కు ఒకటి ఉండేది. దొరల కాలంలో వాళ్ల నాయన డో, రే, మీ అని అక్షరాల్లో రాసుకున్న రాగాలు. తాత వాటి కిందనే స, రి, గ అని దిద్దుకున్నాడు.

“పిలిచే పేరే వేరు, పలికేది ఒకటే. స అంటే ఇల్లు. యాడ తిరిగినా కడాకు ఇంటికి రావాల. ప అంటే పక్కింటోళ్ల అరుగు. ఆడ కూర్చోవచ్చు, మాట్లాడొచ్చు. నిద్రపోగూడదు.”

నవీన్ ఆ మాటలు పొల్లుపోకుండా రాసుకున్నాడు. లైను ‘ప’ మీద ఆగితే వినేవాడికి ఇంకా ఏదో ఉందనిపిస్తుంది, ‘స’ మీద ఆగితే అయిపోయిందనిపిస్తుంది. ప్రశ్న అడిగే లైను అరుగు మీద, జవాబు చెప్పే లైను ఇంట్లో. ఇంత చిన్న సంగతి తెలియకుండా ఇన్నాళ్లు ఎన్ని బ్యానర్లు పాడు చేశానా అనుకున్నాడు.

జులై వచ్చేసరికి తాత నాలుగున్నరకే కునుకు తీయడం మొదలుపెట్టాడు. పాఠం రజిని చేతికి వచ్చింది.

ఆమె తాతలాగా ఉపమానాలు చెప్పేది కాదు. కొట్టేసేది.

“‘నీ చూపుల వానలో తడిసి ముద్దైతి.’ ఏంది ఇది?”

“ప్రాక్టీసు.”

“జమ్మలమడుగులో వాన కురిసి ఎన్నాళ్లయింది? చూడనిది రాయొద్దు.”

“చూపులు చూసినా కదా.”

“ఎవరివి?”

నవీన్ నోటుబుక్కులోకి తల దించుకున్నాడు. రజిని ఆ లైను కొట్టేయడానికి అవసరమైన దానికంటే కొంచెం ఎక్కువ సేపు తీసుకుంది.

ఇంకోసారి అతను రాసిన పల్లవిని పాడి చూపించమంది. అన్నిటికంటే పై స్వరం మీద ‘ప్రీతి’ అని పెట్టాడు. అక్కడికి వచ్చేసరికి గొంతు పిసికినట్టయింది.

“పిల్లి తోక తొక్కినట్లుండాది,” అంది రజిని. “పైకి పోయినప్పుడు నోరు తెరుచుకునే అచ్చరం ఉండాల. ఆ పెట్టు, ఓ పెట్టు.”

“అయితే ‘ప్రాణం’ అని పెడతా.”

“ఊరికే ప్రాణాలు ఇయ్యొద్దు నవీన్. శానా మంది ఇచ్చేసినారు. ఇంకేదన్నా చూడు.”

అతను గంటసేపు ఆలోచించి ‘వాకిట’ అని పెట్టాడు. రజిని రెండుసార్లు పాడుకుంది. కొట్టేయలేదు. నవీన్ ఆ రోజు బస్సులో ప్రొద్దుటూరు దాకా నిలబడే వెళ్లాడు. సీట్లు ఖాళీగానే ఉన్నాయి.

ఆమె పదే పదే చెప్పిన నియమం ఒకటుంది. ట్యూన్ ఒకసారి కట్టాక దాన్ని ముట్టుకోకూడదు. మాటే వంగాలి. పేరు పట్టలేదని, పదం బాగుందని ట్యూన్‌ను లాగడం, పీకడం చేతగానివాళ్ల పని.

“పెండ్లికూతురి కొలత చూసి రవిక కుడతారు గానీ, రవికను చూసి పెండ్లికూతుర్ని కోస్తారా?” అనేది.

సెప్టెంబరులో క్వాయర్ వాళ్లంతా గండికోటకు పిక్నిక్ పెట్టుకున్నారు. నవీన్‌నూ పిలిచారు. ఉగ్గాని, చెనక్కాయలు, పెద్ద ఫ్లాస్కులో టీ. అందరూ లోయ అంచున ఫోటోలు దిగుతుండగా, ఆ ఏడాది అన్ని నెలలూ మొహం చాటేసిన వాన ఒక్కసారిగా వచ్చి పడింది. పరుగెత్తినవాళ్లు పరుగెత్తగా, రజిని, నవీన్ పాత ధాన్యాగారంలో చిక్కుకున్నారు. కింద పెన్న ఎర్రగా, గోడల మధ్య పట్టు రిబ్బనులాగా కనిపించింది.

“ఇప్పుడు రాసుకో, వాన గురించి,” అంది రజిని, జడ పిండుకుంటూ.

“ఇప్పుడు మాటలు రావట్లేదు.”

“అదీ మంచిదే. విను అయితే.” ఆమె స, గ, ప అని మెల్లగా పాడింది. మళ్లీ పాడింది, ఈసారి ‘గ’ను ఒక మెట్టు దించి. ఆ రాతి గదిలో వెలుతురు తగ్గినట్టు అనిపించింది. “చూసినావా? ముగ్గుర్లో ఒకరు కొంచెం తలొంచుకుంటే చాలు, ఇంటి రంగే మారిపోతాది.”

ఆమె జడ వెనక్కి వేసుకుని గోడకు ఆనుకుంది.

“నువ్వు ఇదంతా ఎందుకు నేర్చుకుంటాండావు?” అని అడిగింది రజిని.

“ఒక్క పాట రాయాల. రాసింది ఎవరో తెలియకుండానే జనం పాడుకోవాల. వంటింట్లో, పొలంలో.”

“పేరు వద్దా?”

“అందరి పేర్లూ నేనే ఏస్తాండా గదా, బ్యానర్ల మీద. నాది ఏసుకోవాలని ఎప్పుడూ అనిపియ్యలేదు. ఆ గులాబి కాగితం మీద కూడా స్టీఫెనే ఏయించినాడు. సిగ్గు.”

రజిని అతని వైపు చూసింది. ఏదో అనబోయి, వాన తగ్గిందని చెప్పి బయటికి నడిచింది. వాన ఏమాత్రం తగ్గలేదు.

నవంబరులో ఒక ఆదివారం రత్నమణి కాఫీ గ్లాసులు తెచ్చి తనూ కూర్చుంది. మామూలుగా ఆమె పేపర్లు దిద్దుకుంటూ లోపలే ఉండేది.

“నవీన్, నీకొక పని చెప్పాల. రజినికి పులివెందుల సంబంధం వచ్చింది. ఇమ్మానుయేలు అని, జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్. పిల్లోడు నెమ్మదస్తుడు. డిసెంబరు మొదటి ఆదివారం మాట ఖాయం చేసుకుందామని వస్తామన్నారు. పెండ్లిపాట నువ్వే రాయాల. ట్యూన్ ఈ పిల్లే కట్టుకుంటుందంట.”

నవీన్ కాఫీ తాగాడు. చాలా వేడిగా ఉంది. అయినా తాగాడు.

“రజిని ఒప్పుకుందా ఆంటీ?” అని అడిగాడు, గ్లాసులోకి చూస్తూ.

“పాట కుదిరినాక చెప్తాదంట. దీని పద్ధతులన్నీ ఇట్లే.”

రజిని కీబోర్డు మీద దుమ్ము తుడుస్తోంది. అక్కడ దుమ్మేమీ లేదు.

బస్టాండు దాకా నడుస్తూ నవీన్ తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. లెక్చరర్. నెమ్మదస్తుడు. తను ఫ్లెక్సీల మనిషి. ఇమ్మానుయేలును చెడ్డవాడు అనడానికి ఒక్క కారణమైనా దొరుకుతుందేమోనని ఫేస్‌బుక్‌లో వెతికాడు. రక్తదానం చేస్తున్న ఫోటో దొరికింది.

బుధవారం రజిని వాట్సాప్‌లో ట్యూన్ పంపింది. ఆరు మాత్రల నడక, తాత చెప్పిన ఉయ్యాల. నవీన్ అంత మంచి ట్యూన్ అంతకుముందు వినలేదు. మొదటి లైను ఎక్కడికో వెళ్లి అరుగు మీద ఆగుతుంది. రెండో లైను మొదట్లోనే పెళ్లికొడుకు పేరు రావాలి. అక్కడ రజిని మాట లేకుండా “ల-లా-ల-లా” అని పాడి వదిలేసింది. తర్వాత లైను మెల్లగా దిగి ఇంటికి వస్తుంది.

మొదటి లైను అతనికి ఒక్క రోజులో వచ్చింది. “పెన్న ఒడ్డు దాటి వచ్చి దీపమొకటి తెచ్చినాడు.” పులివెందుల నుంచి వచ్చేవాడు పెన్న దాటాలి కదా. రెండో లైను చివర కూడా వచ్చింది. “రజిని చేయి పట్టినాడు నేటినుంచి.” ఆ మాట రాసి పెన్సిలు కింద పెట్టి, షాపు బయటికి పోయి, మళ్లీ వచ్చాడు.

మిగిలింది పేరు. ఇ-మ్మా-ను-యే-లు. ఎన్నిసార్లు లెక్కపెట్టినా ఎనిమిది మాత్రలు. ఉన్న చోటు ఆరు. ‘ఇమ్మాను’ అని కుదిద్దామంటే పెళ్లికొడుకును అవమానించినట్టు అవుతుంది. స్టీఫెన్ పెళ్లిలో జరిగింది రజిని పెళ్లిలో జరగకూడదు. తన వల్ల అసలే జరగకూడదు. మూడు రోజులు కుస్తీ పట్టి, చివరికి చేయకూడని పని చేశాడు. ట్యూన్ మొత్తాన్ని ఎనిమిది మాత్రల్లోకి మార్చాడు. పేరు అచ్చంగా సరిపోయింది. మిగతా మాటలన్నీ రెండేసి మాత్రలు సాగదీశాడు. పాడి, రికార్డు చేసి, పంపాడు.

ఆదివారం వసారా ఎక్కేసరికి రజిని నిలబడే ఉంది.

“నా ట్యూన్‌ను ఏం చేసినావు?”

“పేరు పట్టలేదు. అందుకని కొంచెం…”

“కొంచెమా? ఉయ్యాలను తీసుకపోయి లెఫ్ట్, రైట్ అనిపిస్తివి. పోలీసు గ్రౌండులో పాడుకోవాల దాన్ని.”

“ఇమ్మానుయేలు ఆరులో ఎట్ల పడతాడు నువ్వే చెప్పు.”

“పడడు.”

“మరి?”

“ట్యూన్ ముట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పినా నీకు? ఆరు నెలలు. ఆరు నెలలు చెప్పినా. ట్యూన్‌లో ఎవరి పేరు పడతాదో చూడాల్సింది పోయి, పేరు కోసం ట్యూన్‌నే నరికేస్తివి.”

ఆమె గొంతు చివర్లో సన్నబడింది. కోపం అట్లా ఉండదని నవీన్‌కు ఎక్కడో అనిపించింది, కానీ ఆ ఎక్కడో చాలా దూరంలో ఉంది.

“ట్యూన్ మళ్లీ ఆరుకు తే,” అంది రజిని. “ఆ చోట్లో ఏ పేరు కూర్చుంటాదో చూసుకో. తెలిస్తే శనివారం రా. తెలియకపోతే రావద్దు. ఆదివారం వాళ్లొస్తాండారు, నాకు పనుంటాది.”

లోపలికి వెళ్లిపోయింది. కునుకు తీస్తున్న తాత ఒక కన్ను తెరిచి నవీన్‌ను చూసి, మళ్లీ మూసుకున్నాడు.

అంటే ఇంకెవరో ఉన్నారు. ప్రొద్దుటూరు బస్సులో నవీన్‌కు అర్థమైంది ఇదే. ఇమ్మానుయేలు కాదు, వేరే ఎవరో. తల్లికి చెప్పలేక పాటలో దాచింది.

సోమవారం నుంచి అతను షాపులో కూర్చుని తెలిసిన మగవాళ్ల పేర్లన్నీ ఆ చోట్లో పెట్టి చూశాడు. సుధీర్, మూడే. జయపాల్, నాలుగు. ఆనందరావు, ఎనిమిది. క్వాయర్‌లో తబలా వాయించే ఏసురాజుకు సరిగ్గా ఆరు వచ్చేసరికి పెన్సిలు ఆగింది. కానీ ఏ-సు-రా-జు అన్నప్పుడు పొడుగు ముందొచ్చి పొట్టి వెనకొస్తుంది. ట్యూన్‌లో పొట్టి ముందుండాలి. పైగా ఏసురాజుకు యాభై రెండేళ్లు, ఇద్దరు మనవళ్లు.

శుక్రవారం మధ్యాహ్నం ఆరిఫ్ భాయ్ మిషన్ ఆపి వచ్చి వెనక నిలబడ్డాడు.

“ఏందిరా, నాలుగు దినాల నుంచి బల్ల మీద కొట్టుకుంటాండావు? దయ్యం పట్టిందా?”

నవీన్ మొత్తం చెప్పేశాడు. ట్యూన్ కూడా వినిపించాడు. ఆరిఫ్‌కు సంగీతం తెలియదు. నోటుబుక్కులోని పేర్ల జాబితాను కింది నుంచి పైదాకా చూశాడు.

“ఊరందర్నీ ఏసినావు. మన వీధి చివర టైరు పంక్చర్లు ఏసే మక్బూల్‌ను కూడా ఏసినావు. రాసినోడి పేరు ఏసి చూసినావా?”

“నాదా?”

“నీకు పేరు లేదా?”

నవీన్ పెన్సిలు తీసుకున్నాడు. న, పొట్టి. వీన్, పొడుగు. కు, పొట్టి. మార్, పొడుగు. ఒకటి, రెండు, ఒకటి, రెండు. ఆరు.

ఫోన్ తీసి రజిని గొంతు మళ్లీ పెట్టాడు. ల-లా-ల-లా. ఇన్ని రోజులూ ఆమె పిలుస్తూనే ఉంది.

ఆరిఫ్ వెళ్లి మిషన్ ఆన్ చేసుకున్నాడు. “రేపు సెలవు తీసుకో,” అన్నాడు, అటు తిరిగి.

శనివారం సాయంత్రం జమ్మలమడుగులో బస్సు దిగినప్పుడు నవీన్‌కు పాట మొత్తం వచ్చు. పేరున్న చోట తప్ప. ఒంటరిగా ఉన్నప్పుడు కూడా ఆ చోట్లో తన పేరు పెట్టి పాడలేకపోయాడు. ఇంటికి వెళ్లాక రజినితో ఒక్క మాట మాట్లాడి, తర్వాత ఏం చేయాలో చూద్దామనుకున్నాడు.

వసారాలో రత్నమణి ఎదురైంది. మర్నాటి కోసం పరదాలు మారుస్తోంది.

“వందనాలు ఆంటీ.”

“వందనాలప్పా. మంచి సమయానికి వచ్చినావు. పాట అయిందా? పాడు, విందాం. రజినీ, రా.”

రజిని వచ్చి కీబోర్డు ముందు కూర్చుంది. అతని వైపు చూడలేదు. ఏ శ్రుతి అని కూడా అడగలేదు. నవీన్ గొంతుకు సరిపోయేటట్టు బటను నొక్కి శ్రుతిని మూడు మెట్లు దించింది. తాత కర్ర పక్కన పెట్టి నిటారుగా కూర్చున్నాడు.

నవీన్ పాడాడు.

“పెన్న ఒడ్డు దాటి వచ్చి దీపమొకటి తెచ్చినాడు… ల-లా-ల-లా, రజిని చేయి పట్టినాడు నేటినుంచి.”

రజిని వేళ్లు ‘ల-లా’ దగ్గర ఒక్క క్షణం బరువెక్కాయి. పేరు రానందుకో, ట్యూన్ మార్చకుండా ఉన్నందుకో.

“బాగుంది,” అంది రత్నమణి. “పెండ్లికొడుకు పేరు యాడ?”

నవీన్ చేతిలోని పాట కాగితాన్ని మడత పెట్టాడు.

“సిగ్గెందుకు, ఇట్ల ఉంటాది.” రత్నమణి ముప్పై ఏళ్లు ఆ క్వాయర్‌లో పాడిన మనిషి. తొడ మీద తాళం వేసుకుంటూ అందుకుంది. “ఇమ్మాను…” ఆగింది. మళ్లీ మొదలుపెట్టింది. “ఇమ్మా…” చేయి ఆరు దెబ్బలు కొట్టి ఆగిపోయింది, పేరు ఇంకా మిగిలే ఉంది. మూడోసారి ఆమె పాడలేదు. కూతురి వైపు తిరిగింది.

“ఈ ట్యూన్ కట్టింది నువ్వే గదా?”

“నేనే మా.”

“ఆరే పెట్టినావు.”

“ఆరే.”

“ఆ పిల్లోడి పేరు ఎనిమిదని తెలియదా నీకు?”

“తెలుసు మా.”

“తెలిసే కట్టింది,” అన్నాడు తాత. “నా దగ్గర నేర్చుకున్న పిల్ల లెక్క తప్పదు.”

రత్నమణి చాలాసేపు కూతురిని చూసింది. తర్వాత నవీన్ వైపు తిరిగింది. ఆరు నెలలుగా వారం వారం తన వసారాలో కూర్చుంటున్న మనిషిని మొదటిసారి చూస్తున్నట్టు చూసింది.

“నీ పూర్తి పేరు ఏందప్పా?”

“నవీన్ కుమార్.”

ఆమె వేళ్లు తొడ మీద ఆరుసార్లు కదిలాయి. లేచి లోపలికి వెళ్లింది.

వంటింట్లో గిన్నె చప్పుడైంది. స్టవ్ వెలిగిన చప్పుడైంది. వసారాలో ముగ్గురూ ఆ చప్పుళ్లనే వింటూ కూర్చున్నారు. నవీన్ అరచేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

“ఎప్పుడు తెలిసింది?” అని రజిని గొంతు తగ్గించి అడిగింది.

“నిన్న.”

“నిన్ననా? పది దినాలు పట్టిందా నీకు?”

“ఆరిఫ్ భాయ్ చెప్పినాడు.”

“అదీ నీ అంతట నువ్వు కాదు.” ఆమె నుదురు పట్టుకుంది. ఆ చేతి కింద నవ్వుతోందని తాతకు కనిపించింది, నవీన్‌కు కనిపించలేదు.

రత్నమణి నాలుగు కాఫీలు తెచ్చింది. నవీన్ ముందు గ్లాసు పెట్టి ఎదురుగా కూర్చుంది.

“వీళ్ల నాయన పోయినప్పుడు దీనికి ఆరేండ్లు. నెలనెలా జీతం వచ్చే ఇంట్లో ఇయ్యాలనుకున్నా. అందులో తప్పేమన్నా ఉందా?”

“లేదు ఆంటీ.”

“మీ ఇంట్లో ఏం చేస్తారు?”

“నాయన చాపాడులో వ్యవసాయం. పసుపు, వరి. అమ్మ అంగన్‌వాడీలో చేస్తాది.”

“నువ్వు ఇట్లే ఫ్లెక్సీలు చేసుకుంటా ఉంటావా?”

“ఫ్లెక్సీలు చేస్తా. పాటలూ రాస్తా. రెండోది ఇప్పుడిప్పుడే వస్తాంది.”

రత్నమణి కాఫీ సగం తాగింది. పరదాల వైపు చూసింది. ఒకటి కొత్తది, ఒకటి పాతది.

“రజినీ, ఇమ్మానుయేలు మంచోడు. రేపు పొద్దున బయలుదేరతారు వాళ్లు. నేనేం చెప్పాల వాళ్లకు?”

“నువ్వు చెప్పొద్దు మా. నేను చెప్పాల్సిన మాట అది. ఇప్పుడే ఫోన్ చేస్తా.”

రజిని ఫోన్ తీసుకుని వీధి వైపు గేటు దగ్గరికి నడిచింది. ఆమె ఏమంటోందో వినిపించలేదు. తల వంచుకుని, నెమ్మదిగా, చాలా మర్యాదగా మాట్లాడుతోందని మాత్రం వెనక నుంచి తెలుస్తోంది. ఒకచోట ఆగి చాలాసేపు విన్నది.

రత్నమణి చెయ్యి చాపింది. “ఆ కాగితం ఇట్లియ్యి.”

నవీన్ పాట కాగితం ఇచ్చాడు. ఆమె కళ్లజోడు పెట్టుకుని, బడి పేపర్లు దిద్దే ఎర్ర పెన్ను తీసింది. ఒక్కో మాట కింద వేలు పెట్టి చదివింది. మళ్లీ మొదటి మాట దగ్గరికి వచ్చి అడ్డంగా గీత కొట్టింది.

నవీన్ ముందుకు వంగి చూశాడు.

“పెన్న ఎందుకు దాటినాడు ఇతను?” అంది రత్నమణి. “పులివెందులోళ్లు దాటతారు పెన్న. చాపాడు నుంచి జమ్మలమడుగుకు వచ్చేటోడు పెన్న ఎందుకు దాటతాడు? మధ్యలో ఉండేది కుందు గదా.”

కాగితం వెనక్కి తోసింది. “తప్పు రాసి గుడిలో పాడితే జనం నవ్వుతారు. మార్చు. చరణాలు కూడా మూడు ఉండాల మనకు. రాసుకొని, వచ్చే ఆదివారం మీ అమ్మను, నాయనను తీసుకొని రా.”

గేటు దగ్గర రజిని ఫోన్ పెట్టేసి ఇటు తిరిగింది. నవీన్ ఆ ఎర్ర గీత పైన ‘కుందు’ అని రాసి, ‘కుందు ఒడ్డు’ను అలవాటుగా తొడ మీద లెక్కపెట్టుకున్నాడు. ఆరే. ఆమె దగ్గరికి వచ్చి, భుజం మీదుగా వంగి, తనూ ఒకసారి లెక్కపెట్టింది.